తాతగారి రెండవ ఆకాశయానము



ఇంటిలో పెద్దవారికి డెబ్బై ఏళ్ళు దాటిన తరువాత మనము వారితో తరచుగా అనే మాట ఒకటున్నది. "నీకెందుకు నాన్నా, నువ్వు కూర్చో" అంటాము. ప్రేమతోనే అంటాము. బిందె ఎత్తనివ్వము, పొలము గట్టు మీదికి పోనివ్వము, సంతకు ఒంటరిగా వెళ్ళనివ్వము. కొన్నాళ్ళకు వారే మంచము మీద కూర్చుండి, ఇక నేను ఎవరికి పనికివస్తానని అడుగుతారు. ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉండదు.

ఆ ప్రశ్ననే మోసుకొని, 77 ఏళ్ళ వయసులో ఒక తాతగారు ఆకాశమునకు వెళ్ళివచ్చారు. ఆయన పేరు జాన్ గ్లెన్. 1998లో డిస్కవరీ అనే స్పేస్ షటిల్‌లో ఆయన చేసిన ఆ ప్రయాణమును, బయలుదేరిన గడియ మొదలు నేల మీదికి దిగిన గడియ వరకు, ఈ నెల మీకు చెప్పాలని మేము కోరుతున్నాము.

మొదటి ప్రయాణము

గ్లెన్ 1921 జూలై 18న అమెరికాలోని ఒహాయో రాష్ట్రములో పుట్టారు. న్యూ కాంకర్డ్ అనే చిన్న ఊరిలో, ప్రెస్బిటీరియన్ సంఘములో పెరిగారు. తండ్రి ప్లంబింగ్ పని చేసేవాడు. రెండవ ప్రపంచ యుద్ధములోను, కొరియా యుద్ధములోను గ్లెన్ యుద్ధ విమానములు నడిపారు. 1962 ఫిబ్రవరి 20న ఫ్రెండ్‌షిప్ 7 అనే నౌకలో ఒంటరిగా అంతరిక్షములోనికి వెళ్ళారు. అది ఒక మనిషి కూర్చుంటే ఇక చోటు మిగలనంత చిన్నది. 4 గంటల 55 నిమిషాలలో భూమిని మూడుసార్లు చుట్టి, సముద్రములో దిగారు. భూమిని చుట్టివచ్చిన మొదటి అమెరికను ఆయనే.

ఆ రోజు ఆయన బ్రదుకు ఒక చిన్న మీట మీద వ్రేలాడినది. నౌక అడుగున ఉన్న వేడి కవచము ఊడిపోయినట్లు నేల మీది వారికి సంకేతము అందినది. అది నిజమే అయితే తిరిగి వచ్చేటప్పుడు నౌక కాలిపోవలసినదే. దిగే సమయములో కిటికీ ప్రక్కనుండి మండుతున్న ముక్కలు ఎగిరిపోవుట గ్లెన్ కన్నులారా చూశారు. తీరా దిగిన తరువాత కవచము చెక్కుచెదరలేదని, తప్పు సంకేతమిచ్చిన మీటదేనని తేలినది.

ఆ తరువాత ఆయన రాజకీయములలోనికి వచ్చారు. 1974లో ఒహాయో ప్రజలు ఆయనను సెనేటరుగా ఎన్నుకున్నారు. అలా వరుసగా నాలుగుసార్లు గెలిచారు. జుట్టు నెరసినది, మనుమలు పుట్టారు. అంతరిక్షము సంగతి పాత కథ అయిపోయినదని అందరూ అనుకున్నారు.

అడిగి తెచ్చుకున్న పని

సెనేటులో వృద్ధుల సమస్యలను విచారించే సంఘము ఒకటున్నది. గ్లెన్ అందులో సభ్యులు. 1990ల మధ్యలో ఒక రోజు వైద్య గ్రంథము చదువుతుండగా ఆయనకు ఒక సంగతి తట్టినది. అంతరిక్షములో కొన్నాళ్ళున్న యువకుల శరీరములో వచ్చే మార్పులు, నేల మీద వృద్ధులకు వచ్చే మార్పులు చాలా వరకు ఒకే రకముగా ఉన్నవి. ఎముకలు పలుచనవుతాయి. కండరములు కరుగుతాయి. నిలబడితే తూలు వస్తుంది. నిద్ర సరిగా పట్టదు. రోగములను తట్టుకొనే శక్తి తగ్గుతుంది.

ఎందుకు ఇలా జరుగుతుందో కొంచెము ఆలోచించండి. మనము నిలబడినా, నడిచినా, కట్టెల మోపు ఎత్తినా, మన బరువును మన ఎముకలే మోస్తాయి. ఆ మోతయే వాటికి పని. అంతరిక్షములో శరీరమునకు బరువు తెలియదు, మనిషి గాలిలో తేలుతూ ఉంటాడు. మోయుటకు ఏమీ లేదు గనుక ఎముకలలోని సున్నము కరిగి బయటకు పోతుంది. నెలల తరబడి అక్కడ ఉన్నవారికి తుంటి ఎముకలో నెలకు 1 నుండి 1.5 శాతము వరకు తగ్గుతుందని కొలిచి చూశారు. యువకులు తిరిగి వచ్చిన తరువాత చాలా వరకు కోలుకుంటారు. వృద్ధులు అలా కోలుకోరు. ఈ తేడా ఎందుకు? ఇప్పటికే వయసు మీరిన మనిషి అక్కడికి వెళితే ఏమి జరుగుతుంది? రెట్టింపుగా దెబ్బతింటాడా, లేక మిగిలినవారి వలెనే ఉంటాడా? ఇది ఎవరూ చూడలేదు.

గ్లెన్ అమెరికా అంతరిక్ష సంస్థ నాసా అధిపతి డాన్ గోల్డిన్ దగ్గరకు వెళ్ళి, తనను పంపమని అడిగారు. గోల్డిన్ రెండు షరతులు పెట్టారు. ఒకటి, వైద్య పరీక్షలన్నిటిలో నెగ్గాలి. రెండు, ఆ పరిశోధనకు విలువ ఉన్నదని శాస్త్రవేత్తలు ఒప్పుకోవాలి. రెండును నెరవేరిన తరువాత 1998 జనవరి 16న ఆయన పేరు ప్రకటించారు.

ఇంటివారు సంతోషించలేదు. భార్య ఆనీకి మొదట ఇది ఇష్టము లేదు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అనే షటిల్ బయలుదేరిన 73 సెకన్లకు విరిగిపోయి ఏడుగురు చనిపోవుట దేశమంతా టీవీలో చూసినది. ఒకసారి క్షేమముగా తిరిగి వచ్చిన మనిషిని ఈ వయసులో మరల పంపుటకు ఏ ఇల్లాలు ఒప్పుకుంటుంది? అయినను ఆమె ఆలోచించి, చివరకు ఒప్పుకున్నది.

బయలుదేరుట

డిస్కవరీలో ఏడుగురు ఉన్నారు. కమాండరు కర్టిస్ బ్రౌన్, పైలటు స్టీవెన్ లిండ్సే, వైద్యుడు స్కాట్ పరజిన్‌స్కీ, ఇంజనీరు స్టీఫెన్ రాబిన్సన్, స్పెయిన్ దేశస్థుడు పెడ్రో డ్యూక్, జపాను నుండి వైద్యురాలు చియాకి ముకాయ్, ఏడవవారు గ్లెన్. గ్లెన్ మొదటిసారి అంతరిక్షములోనికి వెళ్ళిననాడు పరజిన్‌స్కీ ఏడు నెలల పసివాడు. డ్యూక్ అప్పటికి పుట్టనేలేదు. కమాండరు బ్రౌన్‌కు ఆరేళ్ళు నిండలేదు. ఇప్పుడు ఆ బ్రౌన్ చెప్పినట్లు నడుచుకోవలసినవాడు గ్లెన్. నేల మీద ఆయన సెనేటరు. నౌకలో మాత్రము పేలోడ్ స్పెషలిస్టు, అనగా పరిశోధనల కొరకు వెంట వచ్చిన మనిషి.

1998 అక్టోబరు 29. ఫ్లోరిడాలోని కెనడీ అంతరిక్ష కేంద్రములో మధ్యాహ్నము 2 గంటలకు బయలుదేరాలి. ముందు నౌకలో ఒక హెచ్చరిక గంట మ్రోగినది. దాని సంగతి చూసిన తరువాత, నిషేధించిన ఆకాశ మార్గములోనికి విమానములు వచ్చాయని మరల ఆపవలసి వచ్చినది. అధ్యక్షుడు క్లింటన్ మొదలుకొని వేలమంది తలలెత్తి చూస్తున్నారు. ఆనీ పిల్లలతో కలిసి చూస్తున్నది.

భర్త యుద్ధమునకు వెళ్ళిన దినముల నుండి వారిద్దరి మధ్య ఒక అలవాటు ఉండేది. మూల మీది దుకాణమునకు పోయి చూయింగ్ గమ్ పొట్లము తెస్తానని ఆయన చెప్పేవారు. ఆలస్యము చేయవద్దని ఆమె అనేది. భయమును పైకి చెప్పకుండా దాచుకొనుటకు వారు వాడుకున్న మాటలవి. ఈసారి ఆయన నిజముగానే ఒక గమ్ పొట్లము ఆమె చేతిలో పెట్టి వెళ్ళారు. దానిని ఆమె గుండె దగ్గర జేబులో పెట్టుకున్నది.

2 గంటల 19 నిమిషాలకు షటిల్ లేచినది. మన దేశములో అప్పుడు అర్ధరాత్రి దాటి 12 గంటల 49 నిమిషాలు. దాదాపు 2,000 టన్నుల బరువు నిప్పుల మీద నిలిచి పైకి లేచినది. 1962లో తనను సాగనంపుతూ దేవుడు తోడుండునుగాక అని దీవించిన తోటి వ్యోమగామి స్కాట్ కార్పెంటర్, 36 ఏళ్ళ తరువాత మరల అదే దీవెన పలికారు. రెండు నిమిషాలకు ప్రక్కనున్న రెండు రాకెట్లు విడిపోయి ప్యారాచూట్లతో సముద్రములో పడ్డాయి. ఎనిమిదిన్నర నిమిషాలకు ఇంజన్లు ఆగిపోయాయి. పెద్ద ఇంధనపు తొట్టి ఊడిపోయినది. ఇక చప్పుడు లేదు, బరువు లేదు.

అయితే ఒక సంగతి నేల మీది వారిని కలవరపెట్టినది. ఇంజన్లు అంటుకున్న క్షణములోనే షటిల్ తోక దగ్గర ఒక చిన్న తలుపు ఊడి, ఇంజనుకు తగిలి క్రింద పడినది. దిగిన తరువాత వేగము తగ్గించే ప్యారాచూటు ఆ తలుపు వెనుకనే ఉంటుంది. ఇంజన్లు బాగానే పనిచేశాయి. కాని మూత లేని ఆ ప్యారాచూటు తిరుగు ప్రయాణములో ఏమి చేస్తుందో అనే చింత మిగిలిపోయినది.

పైన గడిపిన దినములు

డిస్కవరీ దాదాపు 550 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 27,000 కిలోమీటర్లకు పైబడిన వేగముతో భూమిని చుట్టినది. ఒక్కొక్క చుట్టుకు గంటన్నర పైచిలుకు పట్టేది. అంటే ఒక్క దినములో పదిహేనుసార్లు సూర్యోదయము, పదిహేనుసార్లు సూర్యాస్తమయము.

అందులో 80కి పైగా పరిశోధనలు జరిగాయి. పొలము పని చేసే మన పాఠకులకు ఒకటి బాగుగా అర్థమవుతుంది. కీర దోస గింజ మొలకెత్తేటప్పుడు లేత కాడ మీద, నేల వైపున, చిన్న కొక్కెము వంటి బుడిపె ఒకటి లేస్తుంది. దానితోనే మొలక గింజ పొట్టును ఒలుచుకొని బయటికి వస్తుంది. జపాను శాస్త్రవేత్తలు ఆ గింజలను డిస్కవరీలో మొలకెత్తించారు. అక్కడ పైది ఏదో క్రిందిది ఏదో మొలకకు తెలియలేదు. రెండు ప్రక్కలా రెండు బుడిపెలు వచ్చాయి! మన పెరటిలో దోస పాదుకు ఒక్కటే ఎందుకు వస్తుందంటే, భూమి ఆకర్షణ రెండవదానిని ఆపుతున్నది గనుక. ఈ సంగతి తెలియుటకు ఒక గింజను అంత ఎత్తుకు తీసుకొని పోవలసి వచ్చినది. ఒక చిన్న గులాబీ మొక్కను కూడ తీసుకొని వెళ్ళారు. అక్కడ దాని పువ్వు సువాసనే మారిపోయినది.

ఇక గ్లెన్ పని ఏమిటి? ఆయన శరీరమే ఆయన పని. నిద్ర ఎలా పడుతున్నదో తెలుసుకొనుటకు తలకు తీగలు తగిలించుకొని పడుకున్నారు. ఒంటిలోని వేడిని కొలిచి రేడియో ద్వారా తెలియజేసే మాత్ర మ్రింగారు. కండరములు ఎందుకు కరుగుతాయో చూచుటకు కొన్ని అమైనో ఆమ్లములు శరీరములోనికి పంపించి, మరల మరల రక్తము, మూత్రము తీసి దాచారు. సూది గుచ్చినవాడు, ఆయన మొదటి ప్రయాణమప్పుడు ఉయ్యాలలో ఉన్న పరజిన్‌స్కీయే. నిద్రకు సంబంధించిన ఒక మందు పరీక్షకు మాత్రము వైద్య నియమముల ప్రకారము గ్లెన్ సరిపోలేదని ముందే తీసివేశారు. ఆయన దానికి ఒప్పుకొని మిగిలినవి చేశారు. దేశమంతా పేరు తెలిసిన పెద్దమనిషి చిన్నవారి ఎదుట చేయి చాచి కూర్చొనుట మాకు ఈ కథలో అన్నిటికంటె గొప్పదిగా తోచినది.

1962లో ఆయన రాత్రివేళ ఆస్ట్రేలియా మీదుగా పోతుండగా, పెర్త్ పట్టణస్థులు ఆయన కొరకు ఊరంతా దీపములు వెలిగించారు. 1998లోను ఆ పట్టణము మరల వెలిగించినది. అప్పటి పిల్లలు ఇప్పుడు తమ పిల్లలకు చూపించారు.

పైనుండి పత్రికలవారితో మాట్లాడినప్పుడు, ఈ సృష్టిని చూస్తూ దేవుని నమ్మకుండుట తనకు అసాధ్యమని, తన విశ్వాసము బలపడినదని గ్లెన్ చెప్పారు.

కల్పన వదిలిన ఉపగ్రహము

నవంబరు 1న స్పార్టన్ అనే చిన్న ఉపగ్రహమును షటిల్ యంత్రపు చేతితో బయట వదిలారు. అది సూర్యుని చుట్టూ ఉండే ప్రకాశమును రెండు దినములు పరిశీలించినది. నవంబరు 3న దానిని మరల పట్టి లోనికి తెచ్చారు.

దీనిలో మన దేశపు బిడ్డ కథ ఒకటున్నది. సరిగ్గా ఏడాది క్రితము, 1997 నవంబరులో, కొలంబియా షటిల్ నుండి ఇదే స్పార్టన్‌ను వదిలినది కల్పనా చావ్లా. ఆనాడు అది సరిగా పనిచేయలేదు. తిరిగి పట్టబోతే గింగిరాలు తిరిగినది. చివరకు ఇద్దరు వ్యోమగాములు బయటకు వెళ్ళి చేతులతో పట్టుకున్నారు. తప్పు ఆమె ఒక్కరిది కాదనియు, సాఫ్ట్‌వేరులోను పని పద్ధతులలోను లోపములు ఉన్నవనియు విచారణలో తేలినది. ఆనాడు ఆగిపోయిన పని డిస్కవరీలో నెరవేరినది.

తిరుగు ప్రయాణము

నవంబరు 7. షటిల్ దిగుట విమానము దిగినట్లు కాదు. దిగుటకు గంట ముందే, భూమికి అవతలి ప్రక్కన ఉండగానే, ఇంజన్లు మండించి వేగము తగ్గించాలి. ఆ తరువాత ఇంజను సహాయము లేదు. గాలి పొరలలోనికి దూసుకొని వస్తుండగా ముక్కు, రెక్కల అంచులు దాదాపు 1,600 డిగ్రీల వరకు కాలుతాయి. చివరిలో గాలిపటము వలె జారుతూ వచ్చి, గంటకు 350 కిలోమీటర్ల వేగముతో నేలను తాకాలి. ఒక్కటే అవకాశము. తప్పితే లేచి మరొకసారి తిరిగి రావటము కుదరదు.

దానికి తోడు మూత లేని ఆ ప్యారాచూటు. దానిని వాడవద్దని నేల నుండి చెప్పారు. అదంతట అది తెరుచుకుంటే ఏమి చేయాలో కూడ ఆలోచించి పెట్టుకున్నారు. అది తెరుచుకోలేదు. మధ్యాహ్నము 12 గంటల 4 నిమిషాలకు బ్రౌన్ షటిల్‌ను కెనడీ కేంద్రపు పొడవాటి రన్‌వే మీద దించారు. మన దేశములో రాత్రి 10 గంటల 34 నిమిషాలు. భూమిని 134 సార్లు చుట్టి, 8 దినముల 21 గంటల 44 నిమిషాల తరువాత ఏడుగురూ క్షేమముగా ఇల్లు చేరారు.

బయలుదేరేటప్పుడు ఊడిన ముక్క ఎంత కీడు చేయగలదో నాలుగేళ్ళకు లోకము చూసినది. 2003 జనవరి 16న కొలంబియా లేచేటప్పుడు నురుగు ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్కకు తగిలినది. ఫిబ్రవరి 1న, నేలను తాకుటకు 16 నిమిషాల ముందు ఆ షటిల్ విరిగిపోయినది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు వెళ్ళిపోయారు. ఆనీ భయము ఉత్త భయము కాదని అందుకే అంటున్నాము.

దిగిన తరువాత గ్లెన్‌కు ఒంట్లో నలతగా ఉన్నది. అడుగులు తడబడ్డాయి. కాళ్ళు ఎడముగా వేసి, మెల్లగా, తన కాళ్ళ మీదనే నడిచి వచ్చారు.

ఏమి తెలిసినది?

ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఒక్క మనిషి శరీరమును చూసి వృద్ధులందరి సంగతి తేల్చలేమని అప్పుడే చాలామంది శాస్త్రవేత్తలు అన్నారు. ఇది పేరు కొరకు చేసిన ప్రయాణమని విమర్శించినవారు కూడ ఉన్నారు. ఒక్కరి లెక్క ఒక్కరిదే అన్న మాట నిజమే. అయితే ఒకటి మాత్రము కనబడినది. అంత వయసులో కూడ ఆయన శరీరము ఆ ప్రయాణమును తట్టుకున్నది. తనలో సగము వయసున్న తోటివారికంటె ఆయన పెద్దగా వెనుకబడలేదు.

మన ఇండ్లకు మరొక సంగతి ఉన్నది. బరువు మోయని ఎముక, పని లేని కండ ఎంత త్వరగా కరిగిపోతాయో అంతరిక్షము చూపించినది. ఆరోగ్యముగా ఉన్న యువకుడినైనను అది విడిచిపెట్టదు. మరి ఉదయము నుండి సాయంత్రము వరకు మంచము మీదనే కూర్చోబెట్టిన మన తల్లిదండ్రుల సంగతి ఏమిటి? మూటలు మోయించమని మేము చెప్పుట లేదు. జబ్బున్నవారు వైద్యుని అడిగి నడుచుకోవాలి. కాని చెట్లకు నీళ్ళు పోయుట, కూరగాయలు తరుగుట, మనుమరాలిని బడి దాకా నడిపించుట, ఇవి వారి చేతులలో నుండి లాగుకోవద్దు. "నువ్వు కూర్చో" అనే మాట ప్రేమ మాటే అయినను, ఎముకలకు అది మేలు చేయదు. మనసుకు అసలే చేయదు.

జాన్ గ్లెన్ 2016 డిసెంబరు 8న, 95వ ఏట కన్నుమూశారు. 2017 ఏప్రిల్ 6న ఆయనను సమాధి చేశారు. ఆ దినము ఆయనకు, ఆనీకి పెండ్లి అయి 74 ఏళ్ళు నిండిన దినము. ఆనీ 2020లో, నూరేళ్ళు నిండిన తరువాత వెళ్ళిపోయినది. డిస్కవరీ ఇప్పుడు వర్జీనియా రాష్ట్రములో ఒక మ్యూజియములో ఉన్నది. పిల్లలు వచ్చి చూసి వెళతారు.

ఈ సాయంత్రము మీ ఇంటిలోని పెద్దవారి ప్రక్కన ఒక ఘడియ కూర్చోండి. ఇంకా ఏ పని చేయాలని ఉన్నదో వారిని అడగండి. వారు చెప్పేది మీకు వింతగా తోచినా, వెంటనే కాదనకండి.